పాత బోటుకు 61 రోజుల వైద్యం

ఏప్రిల్ 15 వచ్చిందంటే మచిలీపట్నం పక్కనున్న గిలకలదిండి హార్బరులో ఇంజిన్ల మోత ఆగి, సుత్తుల చప్పుడు మొదలవుతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని జూన్ 14 దాకా తూర్పు తీరమంతా మరబోట్ల వేట నిషేధం. 2015కు ముందు 47 రోజులే ఉండేది. పాత బోటును బాగుచేసుకోవాలంటే ఈ 61 రోజులే!

చెక్కబోటుకు తుపానుకన్నా పెద్ద శత్రువు పురుగు. పురుగంటాం కానీ నిజానికది ఆల్చిప్పల జాతిది. పైకి సూదిబెజ్జమే కనిపిస్తుంది... లోపల పలక జల్లెడై ఉంటుంది. అందుకే బోటును ఒడ్డుకు లాగి, అడుగున పట్టిన గుల్లలు గీకేసి, సుత్తితో తట్టి చూస్తారు. డొల్లగా మోగితే పలక మార్చాల్సిందే. సందుల్లో నూనె, గుగ్గిలం పట్టించిన దూది కూరతారు. నీళ్లలో దిగాక చెక్క ఉబ్బి దూదిని బిగబడుతుంది. మరీ కుక్కితే ఉబ్బిన పలకలే ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. ఆ అందాజు వడ్రంగి చేతికే తెలియాలి.

చెక్కమీద ఫైబర్ పూత వేయిస్తే పురుగు బెడద తగ్గుతుంది. అయితే తడి ఆరకుండా వేస్తే లోపలే కుళ్లుతుంది. జీపీఎస్, చేపల గుంపును పట్టిచ్చే ఎకోసౌండర్ ఎప్పుడైనా బిగించుకోవచ్చు. చేతిలో డబ్బు తక్కువైతే ముందు అడుగుపలకే చూసుకోవాలి.

డబ్బు తక్కువే మరి! వేట లేని రోజుల్లోనే ఈ ఖర్చంతా. 2025లో ప్రభుత్వం 20 వేలకు పెంచిన నిషేధకాలపు భృతి ఇంటి బియ్యానికి, పిల్లల ఫీజులకు.

బాగుచేసిన బోటును నీళ్లలో దించిన తొలి రాత్రి అందరి కళ్లూ దాని అడుగున ఊరే నీటిమీదే.