విడదీసి వినుట, కలిపి వినిపించుట

రాత్రి భోజనాలు ముగిసిన పిమ్మట ఊరి నడుమ ఒగ్గుకథ మొదలైనదంటే, కూర్చున్నవారి చెవికి అంతా ఒక్కసారిగా వినబడుతుంది. ప్రధాన కథకుని గొంతు, అతని మాటకు మాట అందించే వంతవాని పలుకు, డోలు మోత, తాళాల చప్పుడు అన్నీ కలసి ఒకే కథ అవుతవి. ఎక్కడో కుక్క మొరిగినా, ఒడిలో పిల్లవాడు ఏడ్చినా, చెవి వాటిని పక్కకు నెట్టి మల్లన్న కథనే పట్టుకుంటుంది. యంత్రానికి ఆ వివేకం లేదు. తన ముందుకు వచ్చిన ప్రతి చప్పుడునూ మైకు సమానంగానే పుచ్చుకుంటుంది.

చాలాకాలం నల్లగొండ జిల్లాలో ఉండి, 2016లో యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన మోత్కూరు పరిసరాలకు ఒగ్గుకథ కొత్తది కాదు. మోత్కూరుకు ఉత్తరాన, జనగామ ప్రాంతంలోని మాణిక్యాపురం సుప్రసిద్ధ ఒగ్గుకథకులు చుక్క సత్తయ్యగారి స్వగ్రామం. ఆయన 2017లో కన్నుమూసినారు. ఇట్టి కళాకారుని వెంట అతని గొంతు మాత్రమే పోదు. ఏ మాట దగ్గర ఆగవలెనో, ఏ చోట డోలును ముందుకు పిలువవలెనో తెలిసిన ఒక విద్య కూడా పోతుంది. కనుకనే ఉన్నవారి కథలను శ్రద్ధగా రికార్డు చేసి ఉంచుకొనుట నేటి ఉపాధ్యాయులకు, విద్యార్థులకు తగిన పని. ఆ పనికి కంప్యూటరు ఇప్పుడు మంచి సాధనమైనది.

పూర్వం పాడువారు, వాయించువారు అందరూ ఒకే మైకు చుట్టూ నిలిచి, ఒకరు తప్పితే అందరూ మళ్లీ మొదటినుండి ప్రారంభించవలసి వచ్చేది. 1957లో అమెరికాలో ఆంపెక్స్ సంస్థ లెస్ పాల్ అనే గిటారు విద్వాంసుని కొరకు ఒకే టేపు మీద ఎనిమిది వేర్వేరు వరుసలు నమోదుచేయు యంత్రాన్ని తయారుచేసి ఇచ్చినది. ఈ వరుసలనే ట్రాకులంటారు. ఆనాడు టేపును బ్లేడుతో కోసి, అంటు కాగితంతో అతికించేవారు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజోని, రోజర్ డానెన్‌బర్గ్ అనువారు 1999లో ఆరంభించిన ఆడాసిటీ అనే సాఫ్టువేరు 2000 సంవత్సరంలో ఉచితంగా లోకానికి అందినది. స్టూడియోకే పరిమితమైన పని ఆ విధంగా బడిలోని బల్ల మీదికి వచ్చినది.

మన చలనచిత్రపు పాటలు తయారయ్యేదీ ఈ పద్ధతిలోనే. పాలమూరు దిక్కున పన్నెండు మెట్ల కిన్నెరను పలికించిన దర్శనం మొగులయ్యగారి గొంతు 2021లో తమన్ స్వరపరచిన ‘భీమ్లా నాయక్’ పాటలో ఇతర గాయకుల గొంతులతో కలసి వినిపించినది. మరుసటి సంవత్సరం ఆయనకు పద్మశ్రీ లభించినది.

మోత్కూరులో ఒక బడివారు ఒగ్గుకథను రికార్డు చేయదలచినారని అనుకుందాము. కథకునికి ఒకటి, వంతవానికి ఒకటి, డోలుకు ఒకటి, తాళాలకు ఒకటి, నాలుగు మైకులు. వాటిని విడివిడిగా అందుకొనే చిన్న పరికరం ఒకటి కంప్యూటరుకు తగిలించవలెను. అప్పుడు తెర మీద నాలుగు గీతలు ఒకదాని కింద ఒకటి సాగిపోతవి. డోలు దెబ్బ పడిన చోట గీత కొండవలె లేస్తుంది. మౌనం ఉన్న చోట నేలవలె చదునవుతుంది. డోలు మరీ హెచ్చుగా ఉన్నదా, ఆ వరుసను మాత్రమే తగ్గించవచ్చును. కథకుని మాట చెడదు.

ఐనను ఈ విడదీత సంపూర్ణం కాదు. డోలు మోత కథకుని మైకులోనూ పడుతుంది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది గనుక, 3.4 మీటర్ల దూరాన ఉన్న మైకుకు అది సెకనులో నూరవ వంతు ఆలస్యంగా చేరుతుంది. సెకనుకు 44,100 నమూనాల లెక్కన ధ్వనిని కొలిచే కంప్యూటరులో అది 441 నమూనాల ఎడం. రెండు వరుసలను అట్లే కలిపితే డోలు బోలుగా వినబడవచ్చును. అందుచేత ప్రతి మైకును దాని మనిషికి దగ్గరగా ఉంచుట మొదటి పాఠం. గీత మధ్యరేఖను దాటే చోటనే కోయుట రెండవ పాఠం. లేనిచో అతుకు దగ్గర టిక్కుమనే చప్పుడు పుడుతుంది.

ఎట్లా కోయవలెనో ఒక వారంలో నేర్వవచ్చును. ఏది కోయరాదో తెలియుటకు కథను పలుమార్లు వినవలెను. మైకుకు చేయి తగిలిన చప్పుడు తీసివేస్తే నష్టం లేదు. కథకుడు దుఃఖఘట్టానికి ముందు తీసిన దీర్ఘశ్వాసను ఖాళీ అనుకొని తీసివేస్తే, ఆ దుఃఖానికి ముంగిలి ఉండదు. వంతవాని ‘ఆహా’లను అడ్డని తుడిచివేస్తే కథకుడు ఒంటరివాడవుతాడు. కథ ఉద్రేకం పొందినకొద్దీ డోలు వేగం హెచ్చుతుంది. దానిని గడియారపు లెక్కకు సరిదిద్దితే లెక్క నిలుస్తుంది, ఉద్రేకం పోతుంది. కొత్తగా వచ్చిన కృత్రిమ మేధ సాధనాలు ఒకే ఫోనులో పట్టిన ధ్వనిని కూడా వరుసలుగా విడదీయగలవు. కాని అది ఊహించి చేసిన విభజన. అసలుకు బదులుగా దానిని భద్రపరచరాదు.

అందుచేత మొదట పట్టిన నాలుగు వరుసలను ఏ మార్పూ లేకుండా, కుదించని రూపంలో, రెండు వేర్వేరు చోట్ల దాచవలెను. దిద్దుబాటు ప్రతి మీదనే జరుగవలెను. కథకుని అనుమతి, పేరు, ఊరు, కథ పేరు, తేదీ వెంటనే వ్రాసి ఉంచవలెను. నేటి విద్యార్థి తొందరలో తుడిచిన ఒక పలుకు, రేపటి పరిశోధకుడు వెదుకుతున్న పలుకే కావచ్చును.

పని ముగిసిన తరువాత ఆ రికార్డును మొట్టమొదట ఆ కళాకారులకే వినిపించవలెను. ‘ఇది మా కథే’ అని వారు తలయూపితే బడి పిల్లల శ్రమ ఫలించినట్లు. ‘ఇక్కడ ఏదో తగ్గినది బిడ్డా’ అని వారంటే, దాచిపెట్టిన నాలుగు వరుసలను మళ్లీ తెరిచి, మరొకసారి వినవలెను.