హీరో స్పృహ తప్పాడు... సినిమా కూడా!

ఎనభైల హాలీవుడ్ ఫాంటసీ కామెడీల్లో మీలో చాలామందికి ఒక్క పేరైనా తెలిసే ఉంటుంది. అదే 'గోస్ట్‌బస్టర్స్'. సినిమా చూడకపోయినా, ఎర్ర గీత కొట్టేసిన ఆ తెల్ల దెయ్యం బొమ్మని ఏ టీషర్టు మీదో చూసే ఉంటారు. అదే కాలంలో, ఇంచుమించు అదే సరుకుతో, పెద్ద పెద్ద వాళ్లు తీసిన సినిమాలు కొన్ని థియేటర్లలో చతికిలపడ్డాయి. ఈ నెలంతా ఆ హిట్లనీ ఫ్లాపుల్నీ కలిపి వరసపెట్టి మళ్లీ చూశాను. నాకో అనుమానం ఉంది మరి. ఫ్లాపైనవన్నీ బాగోలేకే ఫ్లాపయ్యాయా?

ముందు హిట్టు సంగతి. 1984లో వచ్చిన 'గోస్ట్‌బస్టర్స్' పేరుకే దెయ్యాల సినిమా. నిజానికి అది ఒక స్టార్టప్ కథ! యూనివర్సిటీ నుంచి గెంటేసిన ముగ్గురు ప్రొఫెసర్లు. ఒకడు అమ్మానాన్నలు వదిలివెళ్లిన ఇల్లు తాకట్టు పెడతాడు. పాత ఫైర్‌స్టేషన్ ఒకటి తీసుకుంటారు, టీవీలో యాడ్ ఇస్తారు, ఫోన్ ఎప్పుడు మోగుతుందా అని కూర్చుంటారు. మొదటి పని ఒక హోటల్లో. దెయ్యాన్ని పట్టేశాక మేనేజర్‌కి బిల్లు చేతిలో పెడతారు: పట్టినందుకు 4,000 డాలర్లు, దాచిపెట్టినందుకు ఇంకో వెయ్యి. అంత ఇవ్వలేనంటాడు మేనేజర్. సరే, అయితే మళ్లీ లోపల వదిలేస్తాం అంటారు వీళ్లు. నాలుగోవాడు విన్‌స్టన్ ఇంటర్వ్యూకి వస్తే, దెయ్యాల్ని నమ్ముతావా, ఎగిరే పళ్లేల్ని నమ్ముతావా అని పెద్ద లిస్టు చదువుతారు. నెలనెలా జీతం వస్తే ఏదైనా నమ్ముతానంటాడు అతను. ఉద్యోగం వెతుక్కున్నవాడెవడికైనా ఈ సీను ఈరోజుకీ తగులుతుంది.

దెయ్యం వింతే, బిల్లు మాత్రం మనకి తెలిసిందే. ఆ రెండూ ఢీకొన్నచోటే నవ్వు పుడుతుంది.

1988లో టిమ్ బర్టన్ తీసిన 'బీటిల్‌జూస్'ది కూడా ఇదే కిటుకు. కారు ప్రమాదంలో చనిపోయిన భార్యాభర్తలు పైలోకానికి వెళ్తే అక్కడేముంది? వెయిటింగ్ హాలు! టోకెన్ తీసుకోవాలి, మన నంబరు పిలిచేదాకా బెంచీ మీద కూర్చోవాలి. చచ్చినా క్యూ తప్పదన్నమాట. 2024లో వచ్చిన రెండో భాగం మాత్రమే చూసినవాళ్లు మొదటిది తప్పకుండా చూడండి. టైటిల్ పాత్ర వేసిన మైకేల్ కీటన్ తెరమీద ఉండేది ఇరవై నిమిషాల లోపే. అయినా సినిమా మొత్తం ఆయనే ఉన్నట్టనిపిస్తుంది.

సరిగ్గా అదే ఏడాది మన దగ్గర వచ్చింది 'యముడికి మొగుడు'. రవిరాజా పినిశెట్టి డైరెక్షన్, చిరంజీవి డబుల్ యాక్షన్. గడువు తీరకముందే కాళిని యమలోకానికి పట్టుకొచ్చేశారని లెక్కల్లో తేలుతుంది. పోనీ తిరిగి పంపేద్దామంటే కింద దహనం కూడా అయిపోయింది! దాంతో అచ్చం అతనిలాగే ఉండే బాలు ఒంట్లోకి పంపుతారు. బర్టన్‌కి ఈ సినిమా తెలీదు, మనవాళ్లకి ఆ సినిమా తెలీదు. అయినా రెండుచోట్లా పైలోకం ఒక గవర్నమెంటాఫీసే. తేడా ఒక్కటే. బర్టన్ తన పైలోకం రూల్స్ చెప్పడానికి సినిమాలో ఏకంగా ఒక పుస్తకాన్నే పెట్టాల్సొచ్చింది. మనకి ఆ బాధ లేదు. కైకాల సత్యనారాయణ కిరీటంతో, గదతో కూర్చుంటే చాలు, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. 1977 నాటి 'యమగోల'లోనే ఆయన్ని ఆ సింహాసనం మీద చూసేశాం కదా.

ఇక ఫ్లాపులు. 1986లో 'హోవర్డ్ ద డక్' వచ్చింది. నిర్మాణం వెనక ఉన్నది 'స్టార్ వార్స్' జార్జ్ లూకస్. బాతుల లోకం నుంచి ఒక బాతు భూమ్మీద పడుతుంది. ఖర్చు సుమారు 3.7 కోట్ల డాలర్లు. అమెరికాలో వచ్చింది అందులో సగం కూడా లేదు. మార్వెల్ పాత్రే అది. 2014లో 'గార్డియన్స్ ఆఫ్ ద గెలాక్సీ' టైటిల్స్ అయిపోయాక కనిపించే బాతు ఇదే. పాత ఫ్లాపులన్నీ ఆణిముత్యాలని చెప్పుకోవడం ఇప్పుడొక ఫ్యాషన్ గానీ, ఇది మాత్రం అప్పుడూ బాగోలేదు, ఇప్పుడూ బాగోలేదు. బాతు బొమ్మ చూసి పిల్లల సినిమా అనుకుంటామా, మధ్యలో బాతుకీ అమ్మాయికీ బెడ్‌రూమ్ సీను! ఎవరికోసం తీశారో తీసినవాళ్లకే తేలినట్టు లేదు. నేను రెండు విడతల్లో పూర్తిచేశాను, అది కూడా ఈ వ్యాసం కోసమే.

అదే ఏడాది జులైలో ఇంకో ఫ్లాపు వచ్చింది. నా గోల అంతా దాని గురించే. 'బిగ్ ట్రబుల్ ఇన్ లిటిల్ చైనా'. డైరెక్టర్ జాన్ కార్పెంటర్, హీరో కర్ట్ రస్సెల్. శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్ కింద రెండువేల ఏళ్ల శాపం మోస్తున్న మాంత్రికుడు లో పాన్. వాడి శాపం తీరాలంటే ఆకుపచ్చ కళ్ల అమ్మాయిని పెళ్లాడాలి. వాంగ్ అనే కుర్రాడికి కాబోయే భార్యవి ఆకుపచ్చ కళ్లే. ఆమెని ఎత్తుకుపోతారు. వాంగ్‌కి ఫైటింగ్ వచ్చు, ఆ మాయలన్నీ చిన్నప్పుడు విన్న కథలే, పోయింది తన పిల్ల. మరి పోస్టర్ మీదున్న హీరో జాక్ ఎవరు? వాంగ్ స్నేహితుడు, లారీ డ్రైవరు. అతని పెద్ద బాధ, లారీ పోయిందని!

మన భాషలో చెప్పాలంటే, హీరో పక్కనుండే కమెడియన్ ఫ్రెండు తనే హీరో అనుకుంటూ సినిమా మొత్తం తిరుగుతాడు. క్లైమాక్స్ ఫైట్ మొదలవ్వగానే జాక్ ఉత్సాహంగా పైకి తుపాకీ పేలుస్తాడు. సీలింగ్ పెచ్చు ఊడి వాడి నెత్తినే పడుతుంది, స్పృహ తప్పుతాడు. అవతల వాంగ్ గాల్లో కత్తులు తిప్పుతుంటే మన స్టార్ నేలమీద! లేచాక హీరోయిన్‌ని ముద్దు పెట్టుకుంటాడు. విలన్ని చంపేదాకా ఆ లిప్‌స్టిక్ మూతి మీద అలాగే ఉంటుంది. కర్ట్ రస్సెల్ అదంతా మహా సీరియస్‌గా చేస్తాడు, అదే అందం.

స్టూడియోకి ఇది మింగుడుపడలేదు. ఇంత ఖర్చుపెడితే హీరో వెర్రివెంగళప్పా? అందుకే మొదట్లో ఒక సీను అతికించారు. ఒక ముసలాయన లాయర్ దగ్గర కూర్చుని, జాక్ ఎంత ధైర్యవంతుడో చెబుతాడు. చూసేవాళ్లకి ముందే అందిన సూచన, వీడే హీరో అని. ఆ తర్వాత గంటన్నరా వాడు చేసేదంతా దానికి రివర్సు. జోకు పాడవడానికి ఇంకేం కావాలి? సుమారు 2 కోట్ల డాలర్ల పైన పెట్టిన సినిమాకి అమెరికాలో వచ్చింది 1.1 కోట్లు. రెండు వారాలు దాటగానే 'ఏలియన్స్' దిగింది, ఉన్న జనం అటు పోయారు. కార్పెంటర్ విసిగిపోయి పెద్ద స్టూడియోలకి దణ్ణం పెట్టి, చిన్న బడ్జెట్ల వైపు వెళ్లిపోయాడు.

దీనికి పోటీ అనుకున్న ఎడీ మర్ఫీ 'గోల్డెన్ చైల్డ్' అదే డిసెంబర్లో వచ్చింది. అందులోనూ ఆసియా మాయలే, అమెరికా హీరోనే. అది వచ్చేలోపు రిలీజ్ చేసేయాలని కార్పెంటర్‌ని తొందరపెట్టారు కూడా. మర్ఫీ సినిమా దాదాపు 8 కోట్ల డాలర్లు తెచ్చింది. మొన్న చూశాను. మర్ఫీ నోరు తెరిచినప్పుడు బాగుంది, మూసినప్పుడు నిద్రొచ్చింది. ఇవాళ టీషర్టుల మీద ఉన్నది మాత్రం లారీ డ్రైవర్ జాక్.

అతన్ని బతికించింది వీడియో క్యాసెట్లు. 1987లో రాబ్ రైనర్ తీసిన 'ప్రిన్సెస్ బ్రైడ్' కథ కూడా కొంచెం ఇలాంటిదే. థియేటర్లలో ఓ మాదిరిగా ఆడింది. అది ప్రేమకథా, కత్తియుద్ధమా, పిల్లల కథా అని అమ్మేవాళ్లకే అర్థంకాలేదు. జ్వరమొచ్చిన మనవడికి తాత చదివి వినిపించే కథ అది. ఇళ్లల్లో క్యాసెట్ వేసుకుని చూసినవాళ్లకి పోస్టర్‌తో పనిలేదు కదా, ఒకరి నుంచి ఒకరికి పాకింది. రెండిటినీ రిలీజ్ చేసింది ఒకటే కంపెనీ, ట్వంటియెత్ సెంచరీ ఫాక్స్.

చిన్న హెచ్చరిక కూడా. 'బిగ్ ట్రబుల్'లో చైనావాళ్లని చూపించిన తీరు కొన్నిచోట్ల పాతకాలం కంపు కొడుతుంది. మాంత్రికుడు, పొడవాటి గోళ్లు వగైరా. వాంగ్‌ని తెలివైనవాడిగా, తెల్లవాణ్ణి తింగరివాడిగా పెట్టడం వల్ల కొంత సర్దుకుంది గానీ, పూర్తిగా కాదు.

చూసేటప్పుడు ఒక పని చేయండి. లాయర్ ఆఫీసు సీను కనబడగానే స్క్రీన్ మీద రెండుసార్లు తట్టి, వానలో లారీ నడుపుతూ జాక్ రేడియోలో సొంత డబ్బా కొట్టుకునే దగ్గరికి వెళ్లిపోండి. కార్పెంటర్ సినిమా మొదలయ్యేది అక్కడే.