ఊహలోని ఐదు షిల్లింగులు

బొమ్మల ప్రదర్శనమునకు పోతే, పటములను ముట్టరాదని ముందుగానే బోర్డు కనబడుతుంది. లండనులోని టేట్ మోడరన్ చిత్రశాలలో 2024 ఫిబ్రవరి మొదలు సెప్టెంబరు 1వ తేదీ వరకు జరిగిన ప్రదర్శనములో ఈ మర్యాద తలక్రిందులైంది. చూడవచ్చినవారే పలకకు మేకులు కొట్టారు. తెల్లని పడవ మీద నీలిరంగుతో తమకు తోచినది వ్రాశారు. కోరికలను చీటీలపై వ్రాసి చెట్టుకు కట్టారు. మన గుళ్ళలో రావిచెట్టుకు దారము చుట్టేవారికి ఈ ఆఖరుది కొత్త కాదు.

ఇవన్నీ యోకో ఓనో అనే జపాను కళాకారిణి ఆలోచనలు. మేము లండను చూచినవారము కాము; చదివి తెలిసికొన్నదీ, మా ఇంట చేసి చూచినదీ మాత్రమే పాఠకులకు మనవి చేస్తున్నాము.

ఆమె 1933లో టోకియోలో పుట్టింది. బొమ్మ గీయుటకు బదులు, బొమ్మను ఎట్లా ఊహించుకోవాలో నాలుగు మాటలలో చెప్పి ఊరుకోవడం ఆమె పద్ధతి. అట్టి సూచనలను 1964లో టోకియోలో 'గ్రేప్‌ఫ్రూట్' అనే పుస్తకముగా 500 ప్రతులు అచ్చువేసింది. తక్కిన పని చదివేవారిది! ఆఫీసులో సగము వ్రాసిన కాగితమును పై అధికారి ముందు పెట్టి "తక్కినది తమరు ఊహించుకొనండి" అంటే మా గతి ఏమయ్యేదో చెప్పనక్కరలేదు.

1966 నవంబరులో లండనులోని ఇండికా గేలరీలో ఆమె ప్రదర్శనము పెట్టింది. బీటిల్స్ బృందములోని జాన్ లెనన్ తెరవకముందే చూడవచ్చాడు. పీట మీద ఒక ఆపిల్ పండు. దాని వెల 200 పౌనులు. ఆయన అడగకుండానే పండు కొరికాడు. ఆమెకు కోపము వచ్చింది. ఇంకొక చోట మేకు కొట్టే పలక ఉన్నది. తెరవకముందు కొట్టరాదని ఆమె మొదట అడ్డు చెప్పి, చివరకు ఐదు షిల్లింగులు ఇస్తే కొట్టవచ్చునన్నది. అయితే ఊహలో ఐదు షిల్లింగులు ఇస్తాను, ఊహలోనే మేకు కొడతాను అన్నాడట ఆయన. తన ఆటను తనతో ఆడగలవాడు దొరికాడని ఆమెకు తెలిసిపోయింది. 1969లో వారికి పెండ్లి అయింది.

అక్కడే ఒక తెల్లని నిచ్చెన కూడ ఉన్నది. ఎక్కి, గొలుసుకు వ్రేలాడే భూతద్దముతో కప్పున ఉన్న కాగితమును చూస్తే చిన్న అక్షరాలతో 'ఎస్' అని ఒక్క మాట. అంత ఎత్తు ఎక్కినందుకు 'కాదు' అని కాక 'అవును' అని ఉన్నందుకు లెనన్ మనస్సు తేలికపడిందట.

ఇదంతా తిన్నది అరగనివారి వేడుక అని మేమూ మొదట అనుకున్నాము. కాని ఆమె బాల్యము తెలిసినపిమ్మట ఆ మాట అనలేకపోయాము. 1945లో టోకియో మీద బాంబులు కురిసినప్పుడు ఆమెకు పన్నెండేండ్లు. బ్యాంకు ఉద్యోగి బిడ్డ అయినా, పల్లెకు తరలిపోయి, ఇంటి సామాను ఇచ్చి తిండిగింజలు తెచ్చుకొనవలసి వచ్చింది. ఆకలితో ఉన్న తమ్ముడూ తానూ వెల్లకిల పడుకొని, ఆకాశము చూస్తూ, ఏమేమి తినాలో ఒక్కొక్క వంటకమే ఊహించి చెప్పుకొనేవారట. తన మొదటి కళ అదేనేమోనని ఆమె తరువాత చెప్పింది. యుద్ధకాలములో రేషను బియ్యమునకు వరుసలో నిలబడిన మా పెద్దల మాటలు మాకు జ్ఞప్తికి వచ్చినవి.

అదే 1966లో ఆమె ఒక చదరంగము చేసింది. పావులన్నీ తెలుపే, గళ్ళూ తెలుపే. శత్రువెవరో, తనవాడెవరో తెలియదు. టేట్‌లోనూ జనము కూర్చుండి దీనిని ఆడారు. మేము ఒక ఆదివారము మా పిల్లల చదరంగము పావులకు, పలకకు సున్నము పూసి కూర్చోబెట్టాము. పది ఎత్తులవరకు బాగానే సాగింది. తరువాత చిన్నది తన ఏనుగును తానే చంపుకొని "గెలిచాను" అన్నది.

"అది నీదేనే!" అన్నాడు పెద్దవాడు.

"నీకెట్లా తెలుసు?"

వాడు జవాబు చెప్పలేకపోయాడు. తగవు తీర్చమని మావద్దకు వచ్చారు, మాకూ తెలియలేదు. ఇద్దరూ నవ్వుకొని పావులు కలిపివేశారు. సున్నము పూసినందుకు మా ఇంటావిడ మాత్రము నవ్వలేదు. సాయంత్రము అన్నీ కడిగాము. ఒక నల్లగుర్రము చెవులలో తెలుపు ఇంకా పోలేదు.