శస్త్రచికిత్స జరిగిన పిల్లలకు వాంతులు – తల్లిదండ్రులు పాటింపవలసిన నియమములు



శృంగవరపుకోట ప్రాంతమునుండి పిల్లలను శస్త్రచికిత్సకై విశాఖపట్టణములోని కింగ్ జార్జి ఆసుపత్రి వంటి పెద్ద ఆసుపత్రులకు తీసికొనిపోవు తల్లిదండ్రులు, బయలుదేరుటకు ముందు దైవదర్శనము చేయించి బిడ్డ నోట ప్రసాదము పెట్టుట కలదు. సంకల్పము మంచిదే. కాని వేళ యెరిగి చేయవలెను.

మత్తు విడిచిన పిమ్మట పిల్లలకు కడుపులో తిప్పుట, వాంతి యగుట తరచుగా జరుగునదే. సాధారణముగా ఒక దినములో తగ్గిపోవును. మిక్కుటమైనచో బిడ్డ నీరసించును, కుట్లు నొచ్చును, ఇంటికి చేరుట ఆలస్యమగును.

మూడేండ్లు దాటిన పిల్లలకు, శస్త్రచికిత్స అరగంటకు మించినపుడు, మెల్లకన్ను సరిచేసినపుడు, టాన్సిల్స్ తీసినపుడు ఈ బాధ హెచ్చు. పూర్వము మత్తు తరువాత వాంతులైన బిడ్డకును, తల్లిదండ్రులకో తోబుట్టువులకో అట్లయిన బిడ్డకును అంతే. అరకు ఘాటురోడ్డున బస్సెక్కినంతనే వాంతి చేసికొను పిల్లలను మనమందరము చూచినదే. వారికిని అవకాశ మెక్కువ. ఈ సంగతులు మత్తువైద్యునికి ముందుగనే చెప్పవలెను. అపుడాయన బిడ్డ బరువునుబట్టి ఒండాన్‌సెట్రాన్, డెక్సామెథసోన్ వంటి మందులను శస్త్రచికిత్స సమయముననే యిచ్చి, వాంతిని చాలవరకు నివారింపగలరు.

ఇక ఉపవాసము. మత్తునకు ముందు అన్నము, టిఫిను, ఆవుపాలు 6 గంటలు, తల్లిపాలు 4 గంటలు మానవలెను. మంచినీరు 2 గంటల ముందువరకు ఈయవచ్చునని సాధారణ నియమము. మీ వైద్యుడు చెప్పిన వేళయే మీకు ప్రమాణము. మత్తులో నున్నపుడు కడుపులోని ఆహారము పైకి వచ్చి ఊపిరితిత్తులలోనికి పోయినచో ప్రాణాపాయము. కావున లడ్డు, పులిహోర, చక్రపొంగలి చిటికెడైనను ఆహారమే. తెలియక పెట్టినచో దాచక వెంటనే చెప్పుడు. శస్త్రచికిత్స కొంత ఆలస్యమగునేమో గాని బిడ్డ క్షేమముగా నుండును. అట్లని నిర్జలవ్రతమువలె రాత్రినుండి నీరైనను ఈయక మాడ్చుటయు తగదు. దాహముతో బిడ్డ అలసిపోవును.

మెలకువ వచ్చిన పిదప, వైద్యులు అనుమతించి, బిడ్డ యడిగినపుడు నీటిని కొద్దికొద్దిగా గుక్కలుగా పట్టుడు. బలవంతముగా త్రాగించినను తినిపించినను వాంతి యగును. చరకసంహిత 'ఛర్ది' యని పేర్కొన్న ఈ బాధకు అసహ్యకరమైన వాసనలనుకూడ ఒక కారణముగా చెప్పినది. కావున ఘాటైన వాసనలను మంచముదరికి రానీయకుడు. వాంతులు ఆగకున్నను, అందు నెత్తురుగాని పచ్చని పసరుగాని కనిపించినను, మూత్రము రాకున్నను తక్షణము వైద్యునికి తెలుపవలెను.

దైవదర్శనము నిశ్చింతగా చేయించుడు. ప్రసాదమును మాత్రము పొట్లము కట్టించుకొని పెద్దలు స్వీకరింపుడు. బిడ్డ కోలుకొని వచ్చిన నాడు తన చేతులతోనే అందుకొనును.