విదేశాలలో ఆంగ్ల బోధనోద్యోగాలు (కర్నూలు, కడప జిల్లాలు)

విదేశాలలో ఆంగ్ల బోధన అనగా ఆంగ్లం మాతృభాష కాని దేశాలలో పరదేశీయులు నిర్ణీత కాలపు ఒప్పందంపై ఆంగ్ల ఉపాధ్యాయులుగా పనిచేయడం. ఈ ఉద్యోగాలకు ప్రధానంగా రెండు మార్గాలున్నాయి. మొదటిది ప్రభుత్వాలు నడిపే నియామక పథకం. రెండవది ప్రైవేటు పాఠశాల, భాషాశిక్షణ కంపెనీ లేదా వాటి తరఫున అభ్యర్థులను సమకూర్చే ఏజెన్సీ. ఈ రెంటిలో ఏది మేలు అన్న ప్రశ్నకు సాధారణంగా వచ్చే జవాబు పథకమే మేలని. అయితే రాయలసీమలోని కర్నూలు, కడప జిల్లాల బి.ఇడి. పట్టభద్రులకు ఈ రెండు ద్వారాలు సమానంగా తెరచి లేవు. పేరుపొందిన పథకాలలో పలువాటికి దరఖాస్తుదారుని పౌరసత్వమే తొలి అర్హత. అందువలన ఆచరణలో ఇక్కడివారికి మిగిలేది ఎక్కువగా ప్రైవేటు మార్గమే. ఆ మార్గంలో జీతం ఎవరిస్తారు, వీసా ఎవరి పేర ఉంది, ఒప్పందంపై సంతకం ఎవరిది అన్న మూడు విషయాలే ఉద్యోగి క్షేమాన్ని నిర్ణయిస్తాయి.

ఈ వ్యాసంలో జిల్లాల పేర్లు 2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజనకు ముందున్న సరిహద్దులను సూచిస్తాయి.

నేపథ్యం

కడప జిల్లాలో రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు, బద్వేలు ప్రాంతాలనుండి కువైట్‌కు వలస దశాబ్దాలుగా సాగుతోంది. వెళ్ళినవారిలో ఎక్కువమంది ఇంటిపనివారు, డ్రైవర్లు, వంటవారు. స్త్రీల సంఖ్య కూడా గణనీయం. ఈ ఊళ్ళలో వీసా, కఫీలు, అఖామా అన్న మాటలు చదువు రానివారి నోట కూడా వినిపిస్తాయి. వీసాను "కొనడం" అన్న ప్రయోగం ఇక్కడ ఎవరికీ వింతగా తోచదు.

కర్నూలు జిల్లా సంగతి వేరు. ఆదోని, కోసిగి, మంత్రాలయం వంటి పడమటి మండలాల వలస ప్రధానంగా గుంటూరు ప్రాంతపు మిరప కోతలకు, బెంగుళూరు, ముంబయి వంటి నగరాలలో నిర్మాణపు పనులకు జరుగుతుంది. అది వర్షాభావపు వలస, పంట కాలాన్నిబట్టి పోయి వచ్చేది. కాబట్టి విదేశంలో బడిపంతులు ఉద్యోగం కావాలనుకున్న కడప యువకుడు ముందుగా కువైట్‌లోని మేనమామనో, పిన్నికొడుకునో అడుగుతాడు. కర్నూలు యువకుడికి అటువంటి బంధువు దొరకడం అరుదు. అతడు హైదరాబాదులోని కన్సల్టెన్సీని ఆశ్రయిస్తాడు. ఇద్దరికీ ఎదురయ్యే చిక్కులు కూడా అందుకు తగినట్లే వేరువేరుగా ఉంటాయి.

ఉపాధ్యాయులు బయటిదేశాల వైపు చూడడానికి స్థానిక కారణం ఒకటుంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఉపాధ్యాయ నియామకాలకు 2018లో డీఎస్సీ ప్రకటన వెలువడింది. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు వచ్చిన ప్రకటన రద్దయింది. ఆపైన 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటన వచ్చింది 2025 ఏప్రిల్‌లో. ఈ మధ్యకాలంలో బి.ఇడి. పూర్తిచేసినవారికి ప్రైవేటు పాఠశాలలోని కొద్దిపాటి జీతమే ఆధారమైంది.

ప్రభుత్వ పథకాలు

జపాను ప్రభుత్వం 1987లో ప్రారంభించిన జెట్ పథకం, దక్షిణ కొరియా 1995లో ప్రారంభించిన ఎపిక్ పథకం ఈ రంగంలో పేరెన్నికగన్నవి. వీటిలో నియామకం ప్రభుత్వ బడులలో జరుగుతుంది. జీతం, సెలవులు, ఒప్పందపు షరతులు ముందుగానే ప్రకటితమై ఉంటాయి. ఎపిక్‌లో అద్దెలేని వసతి, సంవత్సరాంతాన ఉద్యోగ విరమణ భత్యం కూడా ఉంటాయి. దరఖాస్తుదారు ఏజెంటుకు రుసుము చెల్లించవలసిన పనిలేదు.

అయితే కొరియాలో ఆంగ్ల బోధనకు ఇచ్చే ఇ-2 వీసా సామాన్యంగా ఏడు దేశాల పౌరులకే పరిమితం. అవి అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, ఐర్లండ్, దక్షిణాఫ్రికా. బాల్యం నుండి ఆంగ్లంలోనే చదివిన భారతీయుడు ఈ జాబితాలో చేరడు. దీనికి ఒక మినహాయింపు ఉంది. భారత్, కొరియాల మధ్య 2010 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం ప్రకారం, ఉపాధ్యాయ అర్హత గల భారతీయులు పాఠశాలల్లో ఆంగ్ల సహాయకోపాధ్యాయులుగా పనిచేయడానికి వీలు కల్పించారు. బి.ఇడి. పట్టాను కేవలం డీఎస్సీ కోసం ఉంచుకున్న అభ్యర్థులు గమనించదగిన విషయమిది. తలుపు తెరచి ఉన్నంత మాత్రాన ఖాళీలు ఉంటాయని అనుకోరాదు.

జపానులో భాషాబోధన చేయడానికి బోధకుని వీసా కోరేవారు పన్నెండేళ్ళపాటు ఆ భాషా మాధ్యమంలో చదివి ఉండాలన్న నియమం ఉంది. ఆంగ్ల మాధ్యమంలో చదివినవారు విద్యాలయాల ధ్రువపత్రాలతో దీనిని నిరూపించుకోగలరు. పల్లెటూరి బడిలో తెలుగు మాధ్యమంలో పదవ తరగతి వరకు చదివి, తరువాత ఆంగ్లంలో ఎం.ఎ. పట్టా పొందినవారికి ఈ నియమం పెద్ద అడ్డంకి. వారిలో మంచి ఉపాధ్యాయులు ఎందరో ఉన్నా కాగితం ఒప్పుకోదు.

భారతదేశం తన తరఫున నడిపిన ప్రయత్నం కూడా ఒకటుంది. కంబోడియా, లావోస్, మయన్మార్, వియత్నాం దేశాలలో భారత విదేశాంగ శాఖ ఆంగ్ల శిక్షణా కేంద్రాలను నెలకొల్పింది. వాటి నిర్వహణలో హైదరాబాదులోని సీఫెల్ పాలుపంచుకొంది. 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థగా మొదలైన ఈ విద్యాలయమే 2007 నుండి ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా వ్యవహరింపబడుతోంది. ఈ కేంద్రాలు విశ్వవిద్యాలయ స్థాయి అధ్యాపకులకు సంబంధించినవి కనుక సామాన్య పట్టభద్రునికి అందుబాటులో ఉండేవి కావు.

ప్రైవేటు సంస్థలు

ప్రైవేటు అన్న ఒక్క పేరు కింద మూడు వేర్వేరు ఏర్పాట్లున్నాయి. పాఠశాల తానే ఉపాధ్యాయుని నియమించుకోవడం ఒకటి. కంపెనీ నియమించుకొని బడికి పంపడం రెండవది. ఏజెన్సీ కేవలం అభ్యర్థిని చూపించి తప్పుకోవడం మూడవది. వీటి తేడా జపాను ఉదాహరణతో బాగా తెలుస్తుంది. అక్కడ ఒకే ఊరిలోని రెండు ప్రభుత్వ బడులలో, ఒకదానిలో జెట్ ద్వారా వచ్చిన సహాయకోపాధ్యాయుడు, మరొకదానిలో కంపెనీ పంపిన సహాయకోపాధ్యాయుడు ఉండవచ్చు. పాఠం అదే, నల్లబల్ల అదే. కాని మొదటివాని యజమాని స్థానిక ప్రభుత్వం; రెండవవాని యజమాని కంపెనీ. బడికి సెలవులైన నెలల్లో జీతం ఎంత అన్నది ఈ తేడాపైనే ఆధారపడుతుంది.

ఏజెన్సీలు అభ్యర్థులకు టెఫెల్ పేరిట అమ్మే ధ్రువపత్రాల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. ఈ పేరుతో పత్రాలిచ్చే సంస్థలన్నిటిపైన అధికారం గల అంతర్జాతీయ మండలి ఏదీ లేదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గుర్తించే సెల్టా వంటిది, ఎవరో అంతర్జాలంలో వారంలో ఇచ్చే పత్రం ఒకే తూకం కావు. గల్ఫ్‌లోని భారతీయ పాఠశాలలు వీటికంటె బి.ఇడి.కి, బోధనానుభవానికి ఎక్కువ విలువనిస్తాయి.

చట్టంలో ఉపాధ్యాయుని స్థానం

విదేశీ ఉద్యోగ నియామకాలను 1983 నాటి వలస చట్టం నియంత్రించింది. ఈ చట్టం ప్రకారం నమోదు పత్రం లేకుండా నియామకాలు జరపడం రెండేళ్ళ వరకు జైలుశిక్ష విధించదగిన నేరం. నమోదైన ఏజెంటు అభ్యర్థినుండి తీసుకొనదగిన సేవా రుసుమును 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీగా విదేశాంగ శాఖ నిర్ణయించింది. రసీదు ఇవ్వడం తప్పనిసరి. నమోదైన ఏజెంట్ల పేర్లు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడవచ్చు.

చట్టంలో "పని" అన్న మాటకు ఇచ్చిన నిర్వచనాన్ని చదివితే ఒక విశేషం కనిపిస్తుంది. కూలి, ఇంటిపని, వాహనచోదకుడు, మెకానిక్కు, టైపిస్టు, గుమాస్తా, నర్సు మొదలైన పేర్లు అందులో ఉన్నాయి. ఉపాధ్యాయుని పేరు ప్రత్యేకంగా లేదు. అంతేకాదు, పదవ తరగతి ఉత్తీర్ణులైనవారి పాస్‌పోర్టుకు వలస అనుమతి అక్కరలేదు. కాబట్టి కువైట్, సౌదీ అరేబియా మొదలైన 18 దేశాలకు పోయే నిరక్షరాస్యురాలైన పనిమనిషి ఒప్పందాన్ని అధికారి పరిశీలిస్తాడు, ఆమెకు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. అదే విమానంలో పోయే ఎం.ఎ., బి.ఇడి. ఉపాధ్యాయురాలి ఒప్పందాన్ని ఎవరూ అడగరు. చదువుకున్నవారు తమను తాము చూసుకోగలరన్నది ఈ ఏర్పాటు వెనుకనున్న ఊహ. ఆ ఊహ అన్నివేళలా నిజం కాదు.

ఈ లోటును కొంత పూడ్చడానికి, అనుమతి అక్కరలేనివారు కూడా ఆ 18 దేశాలకు బయలుదేరే ముందు పేరు నమోదు చేసుకోవాలని విదేశాంగ శాఖ 2018 నవంబరులో ప్రకటించింది. 2019 జనవరి 1 నుండి అమలు కావలసిన ఆ నిబంధనను అదే నెలలో నిలిపివేసింది. నమోదు స్వచ్ఛందంగానే మిగిలింది.

రాష్ట్ర ప్రభుత్వం తరఫున నియామకాలు చేసేందుకు 2006లో ఓవర్సీస్ మాన్‌పవర్ కంపెనీ ఆంధ్రప్రదేశ్ లిమిటెడ్ (ఓంక్యాప్) ఏర్పడింది. ఏజెంట్ల దోపిడీనుండి వలస కార్మికులను కాపాడడం దీని ఆశయం. నర్సుల విషయంలో కేంద్రం 2015లో ఆ 18 దేశాలకు నియామకాలను ఇటువంటి ప్రభుత్వ సంస్థలకే పరిమితం చేసింది. ఉపాధ్యాయులకు అటువంటి రక్షణ ఏదీ కల్పించలేదు.

కువైట్ వీసా నంబర్లు

కువైట్‌లో నివాస అనుమతులను చిరకాలంగా నంబర్లతో వ్యవహరిస్తారు. ప్రభుత్వోద్యోగులది 17, ప్రైవేటు రంగానిది 18, ఇంటిపనివారిది 20. కడప జిల్లాలో 20వ నంబరును ఖాదిం వీసా అనీ, 18వ నంబరును షూన్ వీసా అనీ అంటారు. ప్రైవేటు పాఠశాలలో పనిచేసే ఉపాధ్యాయునికి ఆ పాఠశాల పేర 18వ నంబరు ఉండాలి.

చిక్కు ఇక్కడే వస్తుంది. బంధువు ప్రేమతో ఒక ఇంటి యజమాని ద్వారా 20వ నంబరు వీసా తెప్పించి, "ముందు రా, బడి తర్వాత చూసుకుందాం" అంటాడు. వీసాలో పేరున్న కఫీలు వద్ద కాక వేరొకచోట పనిచేయడం అక్కడ నివాస నియమాల ఉల్లంఘన. బడి జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేసే వీలుండదు, ఎందుకంటె ఫిర్యాదుదారే నేరస్థుడవుతాడు. సందర్శక వీసాపై దుబాయి తీసుకుపోయి ఆపైన మారుస్తామనే ఏజెంట్ల మాట కూడా ఈ కోవకు చెందినదే. ఇంతకూ ఎమిరేట్స్‌లో 2021 నాటి కార్మిక చట్టం నియామక ఖర్చులను ఉద్యోగినుండి వసూలు చేయడాన్ని నిషేధించింది.

కాగితాలు, ఒప్పందం

పట్టాలకు ముందుగా రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, తరువాత విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన ఆయా దేశపు దౌత్య కార్యాలయపు ముద్ర అవసరం. కొరియా, జపాను వంటి అపోస్టిల్ ఒప్పంద దేశాలకు చివరి మెట్టు ఉండదు, కువైట్‌కు ఉంటుంది. దీనికి వారాలు పడుతుంది. "అన్నీ మేమే చూసుకుంటాం" అంటూ అసలు పట్టాలను అట్టిపెట్టుకొని, వెనక్కి తీసుకోవాలంటే డబ్బు అడిగే ఏజెంట్లు ఉన్నందున, పని పూర్తికాగానే పత్రాలు తిరిగి ఇస్తామన్న రసీదు తీసుకోవడం మంచిది.

ఒప్పందంలో చూడవలసినవి జీతం అంకె ఒక్కటే కాదు. వేసవి సెలవుల జీతం, వసతి, తిరుగు విమాన ఛార్జీ, మధ్యలో మానుకొంటే కట్టవలసిన జరిమానా అందులో స్పష్టంగా ఉండాలి. కువైట్ ప్రైవేటు రంగంలో 2010 నాటి కార్మిక చట్టం ప్రకారం నెలజీతగాళ్ళకు మొదటి అయిదేళ్ళకు ఏటా 15 రోజుల వేతనం, ఆపైన ఏటా నెల వేతనం చొప్పున ఉద్యోగ విరమణ పరిహారం లెక్కకట్టాలి. ఒప్పందం అరబ్బీలో ఉంటే దాని అనువాదాన్ని సంతకానికి ముందే కోరవచ్చు. కువైట్ న్యాయస్థానంలో చెల్లేది అరబ్బీ ప్రతే.

అక్కడికి చేరిన తరువాత భద్రపరుస్తామంటూ కొన్ని బడులు పాస్‌పోర్టును తీసుకుంటాయి. 1967 నాటి పాస్‌పోర్టు చట్టం ప్రకారం అది భారత ప్రభుత్వపు ఆస్తి. దానిని యజమాని తిరిగి ఇవ్వకపోతే భారత దౌత్య కార్యాలయంలో ఫిర్యాదు చేయవచ్చు.