చుక్కలు కలిస్తే ఛాయాచిత్రం

ఇంక్‌జెట్ ప్రింటరుతో అచ్చు వేసిన ఫోటోను ఎప్పుడైనా భూతద్దంతో చూశారా? దూరం నుంచి నున్నగా కనిపించిన చెంప, దగ్గరగా చూస్తే రంగు చుక్కల గుంపుగా మారిపోతుంది!

కంప్యూటరు తెరపై ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటి 256 మెట్లలో ఉంటాయి. 256ను మూడుసార్లు గుణిస్తే 1,67,77,216 రంగులు. మామూలు ప్రింటరు దగ్గర ఉన్నవి మాత్రం నాలుగే సిరాలు: సయాన్ అనే లేత నీలం, మెజెంటా అనే ముదురు గులాబి, పసుపు, నలుపు. వాటితో అది చేయగలిగింది చుక్క పెట్టడం, లేదా మానడం. మరి ఇన్ని రంగులు ఎలా వస్తాయి?

ఇదొక అప్పుల లెక్క. 30 శాతం నలుపు ఉన్న బూడిద రంగును పది గళ్ల వరుసలో అచ్చు వేయాలనుకోండి. 50 గాని, అంతకు మించి గాని వస్తే చుక్క పెట్టాలి. మొదటి గడిలో 30 మాత్రమే ఉంది, చుక్క లేదు. ఆ 30 బాకీ రెండో గడికి పోతుంది. అక్కడ మొత్తం 60, చుక్క పెట్టాలి. చుక్క విలువ 100 కాబట్టి 40 ఎక్కువ ఇచ్చినట్టయింది. ఆ 40ని మూడో గడిలో తగ్గించుకోవాలి. ఇలా సాగితే 2, 5, 9 గళ్లలో చుక్కలు పడతాయి. పదింటికి మూడు, అంటే సరిగ్గా 30 శాతం! బాకీ కూడా తీరిపోతుంది. ఫ్లాయిడ్, స్టైన్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞులు 1976లో ప్రచురించిన పద్ధతికి మూలం ఇదే. వారు బాకీని పక్క గడికే కాక, కింది వరుసలోని మూడు గళ్లకు కూడా పంచారు.

అయితే ఈ లెక్కలన్నీ ఎవరు చేస్తారు? డ్రైవరు అనే ప్రోగ్రాం చేస్తుంది. డ్రైవరు లేకపోతే ఎంత ఖరీదైన ప్రింటరైనా వట్టి పెట్టే.

1995లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీలో స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే విద్యార్థులు గింప్ అనే చిత్రాల ప్రోగ్రాంను మొదలుపెట్టారు. దాని సోర్స్ కోడ్‌ను, అంటే ప్రోగ్రాం రాసిన అసలు పాఠాన్ని, ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు. అచ్చు వేసే భాగాన్ని మైకేల్ స్వీట్ రాశారు. 1999లో రాబర్ట్ క్రావిట్జ్ అనే అమెరికన్ ఎప్సన్ స్టైలస్ ఫోటో ఈఎక్స్ ప్రింటరు కొన్నారు. అది ఆరు సిరాల ప్రింటరు. కాని ఆయన వాడే లినక్స్‌కు దాని డ్రైవరు లేదు. కోడ్ తెరిచే ఉంది కనుక, స్వీట్ రాసిన భాగాన్నే ఆయన పెంచడం మొదలుపెట్టారు. మరికొందరు తోడయ్యారు.

అదనపు రెండు సిరాలు లేత సయాన్, లేత మెజెంటా. తెల్లని చెంప మీద ముదురు చుక్కలు దూరదూరంగా పడితే ఇసుక చల్లినట్టుంటుంది. లేత చుక్కలైతే దగ్గరదగ్గరగా పెట్టవచ్చు, గరుకుదనం కనబడదు. కాని లేత సిరా నుంచి ముదురు సిరాకు మారే చోట గీత పడకూడదు. మామూలు కాగితం సిరాను పీల్చుకుని చుక్కను వ్యాపింపజేస్తుంది గనుక, కాగితాన్ని బట్టి సిరా కొలత కూడా మార్చాలి. ఓపికతో మళ్లీమళ్లీ అచ్చు వేసి చూస్తేనే ఇవి కుదురుతాయి.

గింప్-ప్రింట్ అనే పేరుతో పెరిగిన ఈ పని క్రమంగా గింప్‌ను దాటి ఇతర ప్రోగ్రాములకు, ఆపిల్ మాక్ కంప్యూటర్లకు కూడా ఉపయోగపడింది. తయారీదారులు కొత్త డ్రైవర్లు ఇవ్వని ఎన్నో పాత ప్రింటర్లు మూలపడకుండా పనిచేశాయి. తర్వాత దానికి అచ్చుయంత్ర పితామహుడు గుటెన్‌బర్గ్ గుర్తుగా గుటెన్‌ప్రింట్ అని పేరు పెట్టారు. ఒక్కరి అవసరం వేలమందికి సాయమైంది. కోడ్ మూసి ఉంటే ఇది జరిగేదా?

ఇప్పుడు మీ వంతు. గళ్ల కాగితం తీసుకుని 40 శాతం బూడిద రంగుకు లెక్క కట్టండి. అయిదు గళ్లలో రెండు చుక్కలు పడి, బాకీ సున్నా అయితే మీ లెక్క సరే!