నిశ్చల జలము – నీటివిమానము

1910 మార్చి 28వ తేదీన ఫ్రాన్సు దేశమునందలి మార్తీగ్ పట్టణము చెంత, బెర్ ఉప్పునీటి సరస్సుపై, హెన్రీ ఫాబ్రే అను 27 ఏండ్ల యువకుడు తాను నిర్మించిన విమానములో నీటిమీదనుండి పైకెగిరి, మరల నీటిమీదనే దిగెను. అంతకుముందు అతడు విమానము నడిపి యెరుగడు. స్వహస్తములతో చిన్న నీటివిమానములను కట్టుకొను ఔత్సాహికులు నేడును పెక్కుదేశములలో కలరు. ఎగురుటకంటె నీటిపై దిగుటయే వారికి కఠిన పరీక్ష.

అలలు లేని నీరు క్షేమకరమని తోచుట సహజము. కాని అద్దమువలె నిశ్చలమైన నీరే మిక్కిలి మోసకరము. ఆకాశమే క్రిందను ప్రతిఫలించుటచే నీటిమట్టమెచ్చటనున్నదో కంటికి తెలియదు. చోదకుడు ఎత్తు పోల్చలేక నీటిని ఢీకొనవచ్చును; లేదా పైననే వేగము కోల్పోయి కూలవచ్చును. అందుచే అనుభవజ్ఞులు గట్టును ఆనవాలుగా పెట్టుకొని, విమానపు ముక్కును కొంచెమెత్తి, నీరు తాకువరకు మెల్లగా ఒకే తీరున దిగుదురు.

నేలపైనను నీటిపైనను దిగగల విమానములకు మరియొక గండము కలదు. నీటిపై దిగునపుడు చక్రములను ముడుచుట మరచినచో విమానము తలక్రిందులు కావచ్చును. నీరు గాలికంటె సుమారు 800 రెట్లు సాంద్రమైనది గదా! అట్టి సమయమున మునిగిన గదిలో, తలక్రిందుగా, నడుముపట్టీ విప్పుకొని ద్వారము వెదకవలెను. ప్రాణరక్షక కవచమును లోపలనే గాలితో ఉబ్బించినచో అది మనిషిని పైకి నెట్టి, వెలుపలికి పోనీయదు. బయటపడిన పిమ్మటనే దానిని ఉబ్బింపవలెను. ఈ క్రమము దిగుటకు ముందే కంఠస్థము కావలెను. మునిగిన పిదప ఆలోచించుటకు వ్యవధి యుండదు.